జపాన్ నుంచి వచ్చిన పాత టర్బో కారు: ఇంజిన్ ఎందుకు పోయింది, రీమ్యాప్ ఎప్పుడు చేయించాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2005 సుబారు ఇంప్రెజా ఎస్టీఐ, జపాన్ నుంచి దిగి నాలుగు నెలలు, మీటర్ మీద 98 వేల కిలోమీటర్లు, నువ్వు కొనేటప్పటికే పెద్ద ఎగ్జాస్ట్, డబ్బా లేని ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ బిగించి ఉన్నాయి. హైవే మీద ఐదో గేర్‌లో గట్టిగా లాగుతుంటే ఒక్కసారిగా పికప్ పడిపోయి వెనక నీలం పొగ వచ్చింది. కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని నొక్కే ఒత్తిడి, చూస్తే మూడు సిలిండర్లలో 140 పీఎస్ఐ చుట్టూ, నాలుగోదాంట్లో 85. షాపువాళ్ళేమో జపాన్ నుంచి వచ్చిన ఇంకో పాత ఇంజిన్ పెట్టి, రీమ్యాప్ చేసి (ఇంజిన్ కంప్యూటర్‌లోని పెట్రోల్, నిప్పు లెక్కలు తిరగరాసి), 350 హార్స్‌పవర్ తెప్పిస్తామంటున్నారు. రీమ్యాప్ చేయించకపోవడం వల్లే ఇంజిన్ పోయిందా, ఇప్పుడు చేయిస్తే మళ్ళీ పోకుండా ఉంటుందా అని అడిగావు.

మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు అవును. రెండోదానికి జవాబు, వాళ్ళు చెప్తున్న వరుసలో చేయిస్తే మాత్రం కాదు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి కార్ల ఇంజిన్లు విప్పుతున్నాను, మ్యాపులు కూడా రాస్తున్నాను. నేను చూసినంతలో రెండో ఇంజిన్ కూడా పోగొట్టుకున్నవాళ్ళందరూ ఒకే పని చేశారు, మొదటిది ఎందుకు పోయిందో తెలుసుకోకుండానే రెండోది బిగించేశారు. అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు పెట్రోల్ సంగతి. జపాన్ బంకుల్లో ప్రధానంగా రెండు రకాల పెట్రోల్ ఉంటుంది, రెగ్యులర్ ఒకటి, హైఆక్టేన్ ఒకటి. వాళ్ళ ప్రమాణాల ప్రకారం హైఆక్టేన్ కనీసం 96 రాన్ (ఆక్టేన్ కొలత) ఉంటే చాలు, కానీ అక్కడ మామూలుగా అమ్మేది 100 దగ్గర ఉంటుంది. ఎస్టీఐ, లాన్సర్ ఎవల్యూషన్, స్కైలైన్ జీటీఆర్, ఆర్ఎక్స్-7 లాంటివాటికి కంపెనీ అక్కడి మార్కెట్ కోసం రాసిన మ్యాప్ ఆ 100 రాన్ పెట్రోల్‌ని మనసులో పెట్టుకుని రాసిందే. అదే కారు ఓడ దిగి ఇంకో దేశానికి వచ్చాక దాని ట్యాంకులో పడేది 95, కొన్నిచోట్ల 91. ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, ఈ సంగతి ఎవరూ చెప్పరు. అది పాత లెక్కనే పట్టుకుని, ప్లగ్గుకి నిప్పు అంతే ముందుగా పెడుతుంది.

దానివల్ల లోపల ఏమవుతుందంటే, ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట ఒక క్రమంలో పాకుతూ సిలిండర్ గోడ దాకా రావాలి. ఆక్టేన్ తక్కువైన పెట్రోల్, వేడెక్కిన గాలి, ఎక్కువ బూస్ట్ (టర్బో గాలిని లోపలికి నెట్టే ఒత్తిడి), ఈ మూడూ కలిస్తే మంట ఇంకా రాకముందే ఆ మూల మిగిలిన మిశ్రమం ఒత్తిడికి తనంతట తనే పేలిపోతుంది. అదే నాకింగ్. పాత స్కూటర్‌లో అయితే టకటకమని వినిపించేది, మనం గేర్ తగ్గించేవాళ్ళం. టర్బో ఇంజిన్‌లో పెద్ద ఎగ్జాస్ట్ మోతలో, పాటల మధ్యలో, అది నీకు అసలు వినిపించదు. అలా పేలిన ప్రతిసారీ పిస్టన్ అంచు మీద సుత్తితో కొట్టినట్టే. పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడులుంటాయి కదా, రెండు గాడుల మధ్య పొలం గట్టులా సన్నటి అంచు ఉంటుంది, దాన్నే రింగ్‌ల్యాండ్ అంటారు. ఈ సుబారు ఇంజిన్లలో ముందుగా విరిగేది చాలాసార్లు అదే. మొన్నీమధ్య దించిన ఒక ఇంజిన్‌లో ఆ ముక్కను చేతిలో పెట్టుకుని చూశాను. బొటనవేలి గోరంత ఉంది, విరిగినచోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది, పైన రాసుకున్నచోట మాత్రం నున్నగా అరిగిపోయింది. అంటే అది విరిగాక కూడా కారు చాలా దూరం తిరిగిందన్నమాట. ఓనర్ మాత్రం నిన్నే పోయిందనుకుంటున్నాడు.

నీ కారు విషయంలో కూడా అలాంటిదే జరిగి ఉండాలి. నాలుగో సిలిండర్ ఈ ఇంజిన్లలో ఎక్కువగా దెబ్బతినే సిలిండర్, అది కొత్త కథ కాదు. కానీ ఇది నా ఊహ, నువ్వు ఊహ మీద డబ్బు పెట్టకూడదు. లీక్‌డౌన్ టెస్ట్ చేయమని చెప్పు. పిస్టన్‌ని పైకి తెచ్చి ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి, ఆ గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినడమే ఆ పరీక్ష. ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులో పిస్టనో పోయినట్టు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. కొంతమంది సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ కంప్రెషన్ చూస్తారు, పెరిగితే రింగులు పోయాయంటారు. నిలువు ఇంజిన్‌లో అది సరే గానీ సుబారు బాక్సర్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి, పోసిన ఆయిల్ కిందివైపే చేరుతుంది, రింగు చుట్టూ సమానంగా పరుచుకోదు, కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మొద్దు.

మరి ఈసీయూకి నాక్ సెన్సర్ ఉంది కదా, అది కాపాడదా అని అడుగుతావు. ఉంది, కాపాడుతుంది కూడా, కానీ ఒక హద్దు వరకే. నాకింగ్ జరిగిన తర్వాతే సెన్సర్‌కి తెలుస్తుంది, అంటే దెబ్బ పడ్డాకే అది టైమింగ్‌ని, అంటే నిప్పు పెట్టే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది. ఆ దెబ్బల్ని గుర్తుపెట్టుకుని నిదానంగా నేర్చుకుంటుంది, సుబారులో ఐఏఎం అని ఒక అంకె ఉంటుంది, ఇంజిన్ ఏ తకరారూ లేకుండా నడుస్తుంటే 1 దగ్గర నిలబడుతుంది, నాకింగ్ పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. పాత ఈసీయూల్లో అదే అంకె 16 లెక్కలో కనిపిస్తుంది. బ్యాటరీ తీసి పెడితే నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ మొదటి నుంచి దెబ్బలు తింటూ నేర్చుకోవాలి. కారు అమ్మే ముందు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైట్లు పోవడానికి బ్యాటరీ తీసి పెట్టడం చాలామందికి అలవాటు, కొన్నవాడు ఆ మర్నాడే హైవే ఎక్కి పవర్ చూసుకుంటాడు. దయచేసి ఎవరూ అలా చేయొద్దు.

ఇక నీ ఓపెన్ ఫిల్టర్. నన్నడిగితే నీ ఇంజిన్‌ని పడగొట్టినవాటిలో పెట్రోల్ తర్వాత స్థానం దానిదే, చాలామంది మాత్రం దాన్ని ఉత్త సౌండ్ పార్టు అనుకుంటారు. ఈ కార్లో గాలి ఎంత వస్తోందో కొలిచేది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్. కంపెనీ ఆ సెన్సర్‌ని ఫిల్టర్ డబ్బా పక్కన, ఫలానా వ్యాసం ఉన్న గొట్టంలో, గాలి ఫలానా విధంగా వచ్చేట్టు పెట్టి, దానికి తగ్గట్టు లెక్క రాసింది. నువ్వు ఆ గొట్టం మార్చినా, గాలి సుడులు తిరుగుతూ వచ్చినా, ఫిల్టర్‌కి రాసిన ఆయిల్ సెన్సర్ తీగ మీద అంటుకున్నా, అది ఉన్న గాలికన్నా తక్కువ చూపించవచ్చు. అప్పుడు రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. గాలి తక్కువే కదా అని ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తుంది. అంతటితో ఆగదు, ఇంజిన్ మీద బరువు తక్కువగానే ఉందనుకుని టైమింగ్ పట్టికలో తేలిక గడిలోకి వెళ్ళి, ఇంకా ముందుగా నిప్పు పెడుతుంది. పూర్తి బూస్ట్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి 11 చుట్టూ (ఒక పాలు పెట్రోల్‌కి 11 పాళ్ళ గాలి) ఉండాల్సింది 12 దాటి పోతుంటుంది, పైగా టైమింగ్ కూడా ఎక్కువ. నీకేమో కారు ముందుకన్నా చురుగ్గా లాగుతున్నట్టు అనిపిస్తుంది. నిజంగానే లాగుతుంది కూడా, పోయే రోజు వరకూ.

ఎగ్జాస్ట్ సంగతీ అంతే. టర్బో నుంచి కిందికి దిగే డౌన్‌పైప్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే టర్బోకి అడ్డు తగ్గి బూస్ట్ ముందుగానే ఎక్కుతుంది, అనుకున్నదానికన్నా పైకీ పోతుంది. కంపెనీ మ్యాప్‌లో బూస్ట్ వాల్వుని ఎంతసేపు తెరవాలన్న లెక్క పాత బిగుతు ఎగ్జాస్ట్‌కి వేసింది. చల్లటి రాత్రి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ. బూస్ట్ మరీ మితిమీరితే ఈసీయూ పెట్రోల్ ఆపేసి కాపాడుకుంటుంది, కారు ఒక్క కుదుపుతో ముక్కు కిందికేస్తుంది. ఆ కుదుపు నచ్చక, సెన్సర్ వైరుకి ఒక చిన్న పెట్టె తగిలించి ఈసీయూకి ఎక్కువ బూస్ట్ కనపడకుండా చేసేవాళ్ళున్నారు. 90ల నాటి కార్లలో ఇది కొల్లలుగా కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు కింద, గ్లవ్‌బాక్స్ వెనక, టేపు చుట్టిన వైర్లు, పేరు తెలియని చిన్న పెట్టె కనిపిస్తే అదేంటో తేలేదాకా బండి బూస్ట్‌లోకి తీసుకెళ్ళొద్దు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అది నాకు చాలా ఖరీదైన పాఠం. నా మొదటి ఇంప్రెజాని చాలా శుభ్రంగా, అంతా ఒరిజినల్‌గా ఉందని చూసి కొన్నాను. జపాన్ వేలంలో కారుని చూసి రాసే వేలం షీట్ మీద బాడీకి గ్రేడ్ 4, లోపలి భాగానికి బి. మూడు వారాలకే బూస్ట్ పిచ్చిగా ఎక్కిదిగుతోంది. ఒక రాత్రంతా కూర్చుని ఒక్కో గొట్టం విప్పాను. టర్బో నుంచి, బూస్ట్‌ని అదుపు చేసే వేస్ట్‌గేట్‌కి వెళ్ళే సన్న గొట్టంలో కంపెనీ ఒక ఇత్తడి బిళ్ళ పెడుతుంది, బఠాణీ గింజంత ఉంటుంది, మధ్యలో సూది దూరేంత రంధ్రం. అది లేదు. ఎవరో గొట్టాలన్నీ రంగు సిలికాన్‌వి వేయించినప్పుడు పాత గొట్టంతో పాటు ఆ బిళ్ళ కూడా చెత్తలో పోయింది. అది పోతే బూస్ట్ పడిపోతుంది. పడిపోయింది కదా అని వాళ్ళు చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్ పెట్టి ఉంటారు, అమ్మేటప్పుడు దాన్ని తీసేసి, ఏదో ఒక ముక్కతో గొట్టం కలిపేశారు. తీసిన గుర్తుగా క్లిప్పు గీతలు మాత్రం రబ్బరు మీద మిగిలాయి. ఆ ఇంజిన్ అప్పటికే ఎన్ని దెబ్బలు తిందో తెలియదు, ఆరో నెలలో రింగ్‌ల్యాండ్ పోయింది.

దాని అర్థం ఏంటంటే, ఇప్పుడు ఒరిజినల్‌గా కనిపించే కారు ఎప్పుడూ ఒరిజినల్‌గానే ఉందని కాదు. పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు తీసేసి విడిగా అమ్ముకుని, కంపెనీవి తిరిగి బిగించి, ఈసీయూలో మాత్రం పాత మ్యాప్ అలాగే వదిలేసిన కార్లు కూడా నా చేతుల్లోకి వచ్చాయి. వేలం షీట్ బాడీ గురించి చెప్తుంది, ఆర్ గ్రేడ్ అయితే చాసిస్‌కి రిపేర్ జరిగిందని చెప్తుంది, మీటర్ మీద అనుమానం ఉంటే అదీ రాస్తారు. పిస్టన్ల గురించి అది ఏమీ చెప్పదు, చెప్పలేదు కూడా, అక్కడ ఎవరూ ఇంజిన్ విప్పి చూడరు.

ఇంజిన్ పోయే రెండో దారి బేరింగ్. నీది ఇది కాదనుకుంటున్నా గానీ, పెట్టబోయే ఇంజిన్‌కి ఇదే ప్రమాదం కాబట్టి చెప్తున్నాను. ఈ సుబారు ఈజే ఇంజిన్లు గట్టిగా నడిపితే ఆయిల్ తాగుతాయి. లెవెల్ తగ్గి ఉన్నప్పుడు పొడుగాటి మలుపు వేగంగా తీస్తే సంప్‌లో (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టె) ఆయిల్ ఒక పక్కకి వెళ్ళిపోయి, దాన్ని పైకి పీల్చే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది. ఆ పికప్ గొట్టమే అతుకు దగ్గర పగుళ్ళు పట్టడం కూడా ఈ ఇంజిన్లకి ఉన్న జబ్బు. పగిలిందంటే సంప్ నిండా ఆయిల్ ఉన్నా బేరింగుకి చేరేది తక్కువే. బేరింగ్ పోతే కింది నుంచి లోతుగా టక్ టక్ మని శబ్దం వస్తుంది, 2500 నుంచి 3000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ కొంచెం వదిలినప్పుడు బాగా తెలుస్తుంది. ఆ శబ్దం వింటే ఇంటిదాకా వెళ్ళిపోదాం అనుకోకు, అక్కడే ఆపి వేరే బండి మీద ఎక్కించుకెళ్ళు. ఆపితే క్రాంక్ దక్కొచ్చు, నడిపితే రాడ్ బ్లాకుని పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

వేరే కార్లకి వేరే బలహీనతలు, అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు. స్కైలైన్ ఆర్‌బీ26 ఇంజిన్‌లో ఆయిల్ పంపు గేర్లు, ముఖ్యంగా ఆర్32 మోడల్ మొదటి క్రాంకుల్లో పంపుని తిప్పే భాగం పొట్టిగా ఉంటుంది, రెవ్ లిమిటర్‌కి తరచూ కొడితే గేర్లు ముక్కలవుతాయి. ఆ కార్ల స్టాక్ టర్బోల్లో, జపాన్ మార్కెట్ సుప్రా 2జేజడ్ ఇంజిన్ టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు చక్రం సిరామిక్, బూస్ట్ సుమారు 1 బార్ దాటించి తోలితే పగిలిపోవచ్చు. ఎవల్యూషన్ 4జీ63 గట్టి ఇంజినే గానీ టైమింగ్ బెల్టుతో పాటు బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టు కూడా మార్చాలి, ఆ చిన్న బెల్టు తెగి పెద్దదాంట్లో చిక్కుకుంటే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. ఆర్ఎక్స్-7 రోటరీ అసలు వేరే ప్రపంచం, అక్కడ పిస్టన్లే లేవు, మూడు మూలల రోటర్ కొనల మీద అపెక్స్ సీళ్ళుంటాయి, గట్టి నాకింగ్ ఒక్కసారి వచ్చినా సీలు విరగొచ్చు, మామూలు కంప్రెషన్ గేజ్‌తో దాని ఆరోగ్యం తేలదు, ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు విడివిడిగా చూపించే టెస్టర్ కావాలి.

సరే, మీ షాపువాళ్ళు పెడతామంటున్న ఇంజిన్ సంగతి చూద్దాం. అది కూడా ఏదో ఒక కారులోంచి తీసిందే, నీ ఇంజిన్‌కి ఉన్న తెలియని గతమే దానికీ ఉంటుంది. నీ పాత ఇంజిన్ దించి, బ్లాకు బాగుంటే దాన్నే కొత్త పిస్టన్లు, బేరింగులతో కట్టించుకోవడం ఎక్కువ ఖర్చు, ఎక్కువ రోజులు, కానీ లోపల ఏముందో నీకు తెలుస్తుంది. నాకైతే అదే ఇష్టం. డబ్బు చాలక పాతదే పెట్టించుకుంటే తప్పేం లేదు, కాకపోతే బిగించక ముందే, అది ఇంకా నేల మీద ఉన్నప్పుడే పని జరగాలి. నాలుగు సిలిండర్లకీ లీక్‌డౌన్, ప్లగ్గు రంధ్రాల్లోంచి చిన్న కెమెరా పెట్టి పిస్టన్ తలలు చూడటం, సంప్ విప్పి అడుగున మెరుపు ఉందేమో చూడటం, పికప్ గొట్టం కొత్తది వేయడం, టైమింగ్ బెల్టు, టెన్షనర్, ఐడ్లర్లు, వాటర్ పంపు అన్నీ మార్చడం. ఇంజిన్ కారులోకి ఎక్కాక ఇవే పనులు చేయాలంటే రెట్టింపు కూలీ.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది ఆయిల్ కూలర్. నీ ఎస్టీఐలో ఫిల్టర్ దగ్గర చిన్న కూలర్ ఉంటుంది, దాని లోపలి దారులు సన్నగా ఉంటాయి. పాత ఇంజిన్ పోయినప్పుడు రాలిన లోహపు పొడి అక్కడ దాక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. దాన్నే కొత్త ఇంజిన్‌కి బిగిస్తే మొదటి రోజే ఆ పొడి కొత్త బేరింగుల్లోకి వెళ్తుంది. కొత్తది వేయించు. టర్బోకి ఆయిల్ వెళ్ళే గొట్టం బోల్టులో బియ్యపు గింజంత జాలీ ఫిల్టర్ ఉంటుంది, అది మూసుకుపోతే టర్బో ఎండిపోతుంది, దాన్నీ చూడమను. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లోపల కూడా పాత ఆయిల్ గుంటలు కట్టి ఉంటుంది, ఆయిల్ ఆవిరి గాలిలో కలిస్తే ఆక్టేన్ పడిపోయి మళ్ళీ నాకింగే, కాబట్టి దాన్ని కడిగి ఆరబెట్టాలి.

ఇంజిన్ ఎక్కాక 500 కిలోమీటర్లు బూస్ట్ లేకుండా నడిపి ఆయిల్ దించు, ఫిల్టర్ పారేయకుండా కోయించు. లోపలి కాగితపు మడతల్ని విప్పి తెల్లగుడ్డ మీద పరిచి ఎండలో పెట్టి చూడు. నల్లటి మసి ఉంటే ఫర్వాలేదు. రాగి రంగు తళుకులు కనిపిస్తే బేరింగ్ అరుగుతోంది, అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అప్పుడు రీమ్యాప్ మాట ఎత్తొద్దు. అరగంట పని, నేను ఇప్పటికీ ప్రతి కారుకీ చేస్తాను.

అదంతా బాగుంటే అప్పుడు రీమ్యాప్. మ్యాప్ అంటే మాయ కాదు, పట్టికలు. ఒకవైపు ఆర్‌పీఎం, ఒకవైపు ఇంజిన్ మీద పడే బరువు, మధ్య గడుల్లో ఎంత పెట్రోల్, ఎప్పుడు నిప్పు, ఎంత బూస్ట్. సుమారు 2001 తర్వాతి సుబారులకి ఓబీడీ పోర్టు ద్వారానే ఆ పట్టికలు తిరగరాయొచ్చు, ఎకుటెక్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, రామ్‌రైడర్ లాంటి ఉచితమైనవీ ఉన్నాయి. ఇంకా పాత కార్లకి అపెక్సీ పవర్ ఎఫ్‌సీ, లింక్ లాంటి వేరే ఈసీయూ వేయాల్సి వస్తుంది. ఏదైనా సరే, మ్యాప్ రాసే మనిషి నీ కారు చూడగానే ముందు ఏం చేస్తాడో గమనించు. ఇన్‌టేక్ గొట్టాలకి గాలి ఎక్కించి లీకులు వెతికాడా, ప్లగ్గులు తీసి చూశాడా, పెట్రోల్ పంపు ఒత్తిడి చూశాడా, ఎగ్జాస్ట్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి కొలిచే తన సొంత వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టాడా. ఇవేవీ లేకుండా ల్యాప్‌టాప్ తీసి ఇంతకుముందు ఇలాంటి కారుకి రాసిన ఫైలే ఎక్కించేస్తే అది రీమ్యాప్ కాదు, ఇంకొకడి చొక్కా నీకు తొడగడం. లీకు దొరికితే ఇవాళ మ్యాప్ చేయను, బాగుచేయించుకుని రా అని నిన్ను వెనక్కి పంపే మనిషి దొరికితే ఆయన్నే పట్టుకో.

350 అంకె గురించి. ఇలాంటి కార్లని జపాన్ కంపెనీలు తమలో తాము పెట్టుకున్న ఒప్పందం ప్రకారం 280 పీఎస్ అని చెప్పి అమ్మేవి, 1989 నుంచి 2004 దాకా అదే హద్దు నడిచింది, ఇంజిన్లో ఇంకా సామర్థ్యం ఉందని అందరికీ తెలుసు. కాబట్టి 350 అసాధ్యం కాదు. కానీ ఎలాంటి పెట్రోల్ మీద, ఎలాంటి పిస్టన్ల మీద అన్నదే ప్రశ్న. గతం తెలియని ఇంజిన్‌కి నేనైతే 300 లోపే ఆపుతాను. ఇంకో మాట, పిస్టన్లని, రాడ్లని విరిచేది పైన 7000 దగ్గర వచ్చే పవర్ కన్నా కింద 3000 దగ్గర పెద్ద గేర్‌లో ఒక్కసారిగా వచ్చే టార్క్. ఐదో గేర్‌లో ఓవర్‌టేక్ కోసం నేలకి తొక్కినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, ప్రతి పేలుడుకీ ఒత్తిడి ఎక్కువసేపు నిలబడుతుంది, వేడి పోయే సమయం ఉండదు. నీ ఇంజిన్ కూడా సరిగ్గా అలాంటప్పుడే పోయింది. అందుకే కింది బూస్ట్‌ని నెమ్మదిగా పెంచి, పై గేర్లలో కొంచెం తగ్గించి రాయమని అడుగు. గ్రాఫ్‌లో అంత అందంగా ఉండదు, కారు మాత్రం బతుకుతుంది.

పెట్రోల్ ముందే నిర్ణయించుకో. నీకు ఎప్పుడూ దొరికేది 95 అయితే 95 పోసే మ్యాప్ చేయించు, ఖాళీ ట్యాంకులో అదే పోసుకుని వెళ్ళు. దూర ప్రయాణంలో 91 తప్ప దొరకని రోజు వస్తే పోసుకో, కానీ మంచి పెట్రోల్ దొరికేదాకా బూస్ట్‌లోకి వెళ్ళకు. ఆక్టేన్ బూస్టర్ డబ్బాల మీద మ్యాప్ రాయించుకోవద్దు, ఏదో ఒక రోజు ఆ డబ్బా ఇంట్లో మర్చిపోతావు. ఓపెన్ ఫిల్టర్ తీసేసి కంపెనీ డబ్బా తిరిగి పెట్టించు. పెట్టుకునే తీరాలనుకుంటే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్క కూడా సరిచేసి రాయాలి, అది రాయడం తెలుసా అని ముందే అడుగు. మ్యాప్ అయ్యాక గ్రాఫ్ కాగితం ఒక్కటీ తీసుకుని రావొద్దు, నడుస్తున్నప్పుడు ఈసీయూ అంకెలు రికార్డు చేసిన లాగ్ ఫైల్ అడుగు. పూర్తి బూస్ట్‌లో నిష్పత్తి ఎంత ఉంది, నాక్ కరెక్షన్ (నాకింగ్ వల్ల వెనక్కి లాగిన టైమింగ్) సున్నా దగ్గర ఉందా, ఐఏఎం 1 దగ్గర నిలబడిందా, ఇవి చూడు. వేసవి మధ్యాహ్నం ఇంకోసారి లాగ్ తీయించు, చల్లటి పొద్దున రాసిన మ్యాప్ అప్పుడు ఎలా ఉందో తెలుస్తుంది.

నడిపేటప్పుడు నీళ్ళ ముల్లు మధ్యకి వచ్చింది కదా అని తొక్కేయకు, ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా ఇంకో పది నిమిషాలు పడుతుంది. రెండుసార్లు పెట్రోల్ పోయిస్తే ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది, ఇంజిన్ దించడానికి ముందే. నీ ఈసీయూలో ప్రస్తుతం ఉన్న ఫైల్‌ని చదివి కాపీ తీసి ఇవ్వమని షాపువాళ్ళని అడుగు, కొత్త మ్యాప్ ఎక్కిస్తే అది శాశ్వతంగా చెరిగిపోతుంది. కంపెనీ ఫైలా, ఎవరైనా ముందే మార్చారా అన్నది దాన్ని చూస్తే తెలిసిపోతుంది. దాంతో పాటు నాలుగు ప్లగ్గులూ సిలిండర్ వరుసలో పెట్టి, కొనలు కనిపించేట్టు దగ్గరగా ఫోటో తీయి. నాలుగోదాని పింగాణీ మీద నల్లమిరియాల పొడి చల్లినట్టు చుక్కలుంటే నాకింగే, చిన్న వెండి పూసలుంటే పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకుంది. రెండూ నాకు పంపు, చూసి ఏ ఇంజిన్ పెట్టించుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.